మా ఇంట్లో నాలుగో కెమెరా

పోయిన మే నెలలో ఒక రాత్రి, కోరుట్లలో మా ఇంటి ముందు పెట్టిన నా బండి పోయింది.

పొద్దుగాల అమ్మ ఫోన్ చేసింది. "అరేయ్, రాత్రి నువ్వేమన్న వచ్చి బండి తీస్కపోయినవా?" అని అడిగింది. నేను హైదరాబాద్‌లో రూములో పడుకుని ఉన్నా. విషయం అర్థమవగానే లేచి కూర్చుని కెమెరా యాప్ ఓపెన్ చేశా. నిజం చెప్పాలంటే అప్పటికి బాధ లేదు, ఒకరకమైన ఉత్సాహమే ఉంది. ఇంటి చుట్టూ మూడు, హాల్లో ఒకటి, మొత్తం నాలుగు కెమెరాలు పెట్టింది నేనే. దొంగ ఇక ఎక్కడికి పోతాడులే అనుకున్నా.

వీడియో దొరికింది. రెండు గంటలు దాటాక గేటు తీసుకుని ఒక మనిషి లోపలికి వచ్చాడు. తల కిందికి వంచి ఉంది. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మరక. తాపీగా బండిని తోసుకుంటూ బయటికి తీసుకెళ్లాడు. బయట ఇంకొకడు ఇంకో బండి మీద ఉన్నాడు. దాని నంబర్ ప్లేటు ట్యూబ్‌లైట్‌లా వెలిగిపోతోంది. ఒక్క అంకె కూడా కనబడలేదు.

ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్తే కానిస్టేబుల్ ఓపికగా రెండుసార్లు చూశాడు. "తమ్మీ, వీని మొఖమేది?" అన్నాడు. తర్వాత టైమ్ చూశాడు. మా రికార్డర్ గడియారం నలభై నిమిషాలు ముందుకు నడుస్తోంది. రోడ్డు మీది కెమెరాల్లో వెతకాలంటే ఏ టైమ్ నుంచి వెతకాలో మళ్లీ లెక్కేసుకోవాలి. బండి ఇప్పటికీ దొరకలేదు.

ఆ రోజు సాయంత్రం అమ్మను అడిగా, "సప్పుడేమీ వినబడలేదా?" అని.

"గేటు సప్పుడు ఇనవడ్డది. కెమెరా ఉన్నది గద, ఎవలో ఏందో పొద్దుగాల చూస్తే తెలుస్తది అనుకొని పండుకున్న."

ఆ మాటకు కోపం రాలేదు. ఆ రాత్రి ఆమె ఒక్కతే బయటికి వెళ్లకపోవడమే మంచిదైంది. కానీ ఆరేళ్లుగా మేం కొనుక్కున్నది భద్రత కాదు, భద్రత ఉందన్న నమ్మకం మాత్రమే అని అప్పుడు తెలిసింది.

పదమూడు చుక్కల ముఖం

కెమెరాలు దండగ అని చెప్పడం లేదు. 2023 ఫిబ్రవరిలో మా జిల్లాలోనే కొండగట్టు అంజన్న గుడిలో దొంగలు పడి వెండి వస్తువులు ఎత్తుకెళ్లారు. ఆ దొంగలు సీసీ కెమెరాల్లో కనిపించారు. తర్వాత పోలీసులు కర్ణాటకలోని బీదర్ దాకా వెళ్లి నిందితులను పట్టుకున్నారు. తెలంగాణ పోలీసులు 'నేను సైతం' పేరుతో కాలనీల వాళ్ల చేత చందాలతో కెమెరాలు పెట్టిస్తున్నదీ ఇందుకే. కెమెరా పనికొస్తుంది. మాది ఎందుకు పనికిరాలేదన్నదే నా ప్రశ్న.

2019లో కొన్నప్పుడు నేను అడిగిన ప్రశ్న ఒక్కటే, "ఎన్ని మెగాపిక్సెల్?" ఫోన్ కొన్నట్టే కొన్నా. ఈసారి కూర్చుని లెక్క వేశా. లెక్క సింపులే, మీరూ వేసుకోవచ్చు.

మా పాత కెమెరా 2 మెగాపిక్సెల్. అంటే బొమ్మలో అడ్డంగా 1920 చుక్కలు. లెన్సు 2.8 ఎం.ఎం., దాదాపు 100 డిగ్రీల వెడల్పు చూస్తుంది. దాన్ని మొదటి అంతస్తు సజ్జ కింద బిగించాం. అక్కడి నుంచి గేటు దగ్గర దగ్గర 10 మీటర్లు. అంత దూరంలో ఆ లెన్సు సుమారు 24 మీటర్ల వెడల్పును చూస్తుంది. 1920 చుక్కల్ని 24 మీటర్లకు పంచితే మీటరుకు 80. మనిషి ముఖం వెడల్పు పదహారు సెంటీమీటర్లు అనుకుంటే, దొంగ ముఖం మొత్తానికి వచ్చినవి పదమూడు చుక్కలు. పదమూడు చుక్కల్లో ముక్కెక్కడ, మూతెక్కడ?

ముక్కూమొహం తెలియని మనిషిని గుర్తుపట్టాలంటే మీటరుకు 250 చుక్కలు ఉండాలని ఈ రంగంలో వాడే అంతర్జాతీయ ప్రమాణం. అదే చోట 8 మెగాపిక్సెల్ కెమెరా పెట్టినా మీటరుకు 160 దగ్గరే ఆగుతుంది. కానీ పాత 2 మెగాపిక్సెల్ కెమెరానే కిందికి దించి, మనిషి నిలబడే చోటికి మూడు మీటర్ల దూరంలో పెడితే 270 దాకా వస్తుంది. అంటే నాకు కావాల్సింది ఖరీదైన కెమెరా కాదు, ఒక నిచ్చెన, ఒక డ్రిల్లింగ్ మెషిన్.

ఆ నంబర్ ప్లేటు కథ కూడా ఇలాంటిదే. రాత్రి పూట కెమెరా కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు వదులుతుంది. నంబర్ ప్లేటు మీది మెరిసే పూత దాన్ని తిప్పి కొడుతుంది. అందుకే ప్లేటంతా తెల్లగా వెలిగిపోతుంది. దగ్గరున్న గోడ, గూడు కట్టిన సాలీడు కూడా ఇదే పని చేస్తాయి. నెలకోసారి గుడ్డతో తుడవాలని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అమ్మ కనిపించని హాలు

దొంగలు ముందే వచ్చి చూసుకుని వెళ్లారేమోనని పాత రికార్డింగులన్నీ తిరగేశా. మా రికార్డర్‌లో ఉన్నది 500 జీబీ డిస్కు. నాలుగు కెమెరాలకు ఐదారు రోజులకు మించి నిలవదు. నిండగానే పాతది చెరిపేసి దాని మీదే రాస్తుంది. ఉన్న ఐదు రోజుల్నీ స్పీడ్‌గా తిప్పుతూ పోయా. దొంగ ఎక్కడా కనబడలేదు. కానీ ఇంకో విషయం కనబడింది. సరిగ్గా చెప్పాలంటే కనబడలేదు.

హాలు కెమెరాలో అమ్మ లేదు.

ఆ నాలుగో కెమెరా అంతకు ముందు ఏడాది పెట్టించింది. ఒక మధ్యాహ్నం అమ్మకు జ్వరం వచ్చి ఫోన్ ఎత్తలేదు. బాపు దుబాయ్‌లో, నేను హైదరాబాద్‌లో, ఇద్దరం గాబరాపడిపోయాం. బాపు అక్కడికి వెళ్లి పద్దెనిమిదేళ్లు. "హాల్ల గుడ ఒకటి పెట్టియ్యిరా, నాకు ధైర్యముంటది" అన్నాడు. వారంలో పెట్టించా. అమ్మను అడిగామా? "అమ్మా, ఇక్కడ పెడుతున్నాం" అని చెప్పాం. చెప్పడం, అడగడం ఒకటి కాదని అప్పుడు తట్టలేదు.

అమ్మ బీడీలు చుడుతుంది. మా దగ్గర చాలా ఇళ్లలో చుడతారు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, కత్తెర. మధ్యాహ్నం హాల్లో ఫ్యాను కింద గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని, టీవీలో సీరియల్ నడుస్తుంటే చుట్టేది. నా చిన్నప్పటి నుంచీ నాకు తెలిసిన హాలు అదే. కానీ ఆ ఐదు రోజుల రికార్డింగులో హాలు ఖాళీ. అమ్మ అప్పుడప్పుడు ఒక మూల నుంచి ఇంకో మూలకు గోడ వెంట నడిచి పోతోంది. అంతే.

తర్వాతి శనివారం ఇంటికి వెళ్తే, వంటింటి వెనక దబ్బరేకుల కింద చాట ముందేసుకుని కూర్చుని ఉంది. ఫ్యాను లేదు. మే నెల ఎండకు రేకులు కాలుతున్నాయి.

"ఈడెందుకు కూసున్నవ్?"

"ఊకెనే. గాలొస్తది."

గాలి లేదు. కాసేపటికి తనే చెప్పింది. "మీ బాపు చూస్తే తప్పేమున్నదిరా? ఆయన ఇల్లే గద. కని చూస్తున్నడా, చూస్తలేడా నాకు తెల్వదు గద. కాలు సాపుకోవాల్నన్నా, కొంగు తీసి పక్కకు పెట్టుకోవాల్నన్నా ఒకసారి ఆ బుడ్డి దిక్కు చూడవట్టె. ఒకనాడు నేను పండుకుంటే ఫోన్ చేసి 'పానం బాగలేదా' అని అడిగిండు. మంచికే అడిగిండు. ఇగ ఆన్నుంచి హాల్ల పండుకుంటలేను."

ఏడాది నుంచి ఆమె తన ఇంట్లోనే కెమెరాకు అందని చోట్లు వెతుక్కుంటోంది. దొంగ ముఖాన్ని పట్టలేని నా సిస్టమ్, అమ్మను మాత్రం హాల్లోంచి వెళ్లగొట్టింది.

సిరిసిల్లలో బావ చెప్పిన మాట

ఆ ఆదివారం బండి లేదు కాబట్టి బస్సులో వేములవాడ మీదుగా సిరిసిల్లలో అక్క వాళ్లింటికి వెళ్లా. బావ ఆసామి. ఎనిమిది సాంచాలు నడిపిస్తాడు. బతుకమ్మ చీరల ఆర్డర్లు 2017లో మొదలైనప్పుడు రాత్రింబవళ్లు నడిచిన షెడ్డు అది. నూలు కోన్లు తక్కువ పడుతున్నాయని రెండేళ్ల కింద ఆయన కూడా కెమెరాలు పెట్టాడు. నాకన్నా ముందు తప్పులు చేసిన మనిషి కదా, సలహా అడుగుదామని వెళ్లా.

బావ మొదటి తప్పు, సాంచాల మీదే కెమెరాలు బిగించడం. సాంచ ఊపుకు బొమ్మ ఊగేది. రెండు వారాల్లో నూలు దుమ్ము లెన్సు మీద పట్టులా పేరుకునేది. కదలిక కనబడితే ఫోన్ మోగాలని పెట్టుకుంటే, అక్కడ కదలనిది ఏముంది? రోజుకు వందలసార్లు మోగేది. చివరికి ఆ అలర్టునే ఆపేశాడు. నిజంగా దొంగ వచ్చినా ఇక మోగదు.

రెండో తప్పు ఒక కార్మికుడు చెప్పేదాకా తెలియలేదట. "అన్నా, ఒక ముచ్చట అడుగుతా. గది సాంచను చూస్తాందా, నన్ను చూస్తాందా?" అన్నాడట ఒకరోజు.

"నా దగ్గర జవాబు లేదు బామ్మర్దీ," అన్నాడు బావ. "ఎంత నేస్తే అంత కూలి. ఆయన ఎంత పని చేసిండో బట్టే చెప్తది. మనిషిని చూసి నేనేం చేస్త? పోయేది నూలు. నూలు పోయేది తలుపు నుంచి. తెల్లారే నిచ్చెన వేసి రెండు కెమెరాలు తీసి, ఒకటి నూలు గది తలుపుకు, ఇంకోటి షెడ్డు తలుపుకు పెట్టిన. అప్పటి నుంచి కోన్ల లెక్క సరిపోయింది. వాళ్ల పాటలు మళ్ల మొదలైనయ్."

కెమెరా తలుపును చూడాలి, మనిషిని కాదు. నేను వేసిన లెక్కలన్నింటికన్నా నాకు పనికొచ్చిన మాట ఇది.

తర్వాత చదివితే కోర్టులు కూడా దాదాపు ఈ మాటే అన్నాయని తెలిసింది. ఒకే ఇంట్లో ఉండే అన్నదమ్ముల మధ్య వచ్చిన కేసులో, మిగతావాళ్ల అనుమతి లేకుండా నివాసం లోపలి భాగంలో కెమెరాలు నడపకూడదని 2025లో కలకత్తా హైకోర్టు చెప్పింది. ఆ తీర్పులో జోక్యం చేసుకోవడానికి అదే ఏడాది మే నెలలో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. దానికి పునాది, 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిన పుట్టస్వామి తీర్పు. మా అమ్మ కోర్టుకు పోలేదు. చాట తీసుకుని వెనక్కి పోయింది.

జగిత్యాలలో బేరం

పాత సెట్టు కొన్నది జగిత్యాలలోనే. కోరుట్ల నుంచి బస్సెక్కితే గంట కూడా పట్టదు. ఈసారి కూడా అక్కడికే వెళ్లా, కానీ రాసుకుని వెళ్లా. షాపాయన పెద్ద డబ్బాలు చూపించాడు. వైఫై కెమెరా, తల తిప్పే కెమెరా, సోలార్ కెమెరా. నేను చిట్టీ తీశా. మీరు కొనబోతున్నా, ఉన్నదాన్ని అప్‌గ్రేడ్ చేయబోతున్నా ఇందులో కొన్ని పనికొస్తాయి.

మొదటిది, వైర్లు. మావి పాత రకం కోయాక్సియల్ కేబుళ్లు, గోడల్లోంచి వేసినవి. అవి బాగుంటే పీకేయక్కర్లేదు. అదే వైరు మీద 5 మెగాపిక్సెల్ కెమెరాలు నడిపే కొత్త రికార్డర్లున్నాయి. కొత్త ఇల్లు కడుతున్నవాళ్లయితే నెట్‌వర్క్ కేబుల్ వేయించుకోండి. కరెంటు, బొమ్మ రెండూ ఒకే వైరులో వెళ్తాయి. వైఫై కెమెరా అద్దె ఇళ్లకు సులువు, కానీ సిగ్నల్ పోతే అది కూడా కళ్లు మూసుకుంటుంది.

రెండోది, డిస్కు. ఒక కెమెరా సెకనుకు 2 మెగాబిట్లు రాస్తే రోజుకు 21 జీబీ దాటుతుంది. నాలుగింటికి 86 జీబీ. 1 టీబీ డిస్కు పదకొండు రోజులు వస్తుంది. హెచ్.265 పద్ధతిలో రాసే రికార్డర్ తీసుకుంటే దాదాపు రెట్టింపు రోజులు. డిస్కు కూడా ఇరవై నాలుగు గంటలూ రాయడానికి తయారైన రకమే ఉండాలి. పాత కంప్యూటర్‌లోది తీసి పెడితే త్వరగా పోతుంది.

మూడోది, కరెంటు. రికార్డర్, కెమెరాల అడాప్టర్, ఇంటర్నెట్ రౌటర్, మూడూ ఇన్వర్టర్ లైనులో ఉండాలి. మా రౌటర్ లేదు. అంటే కరెంటు పోయిన ప్రతిసారీ ఆరేళ్లుగా నా ఫోన్‌కు ఇల్లు గుడ్డిదే.

నాలుగోది, పాస్‌వర్డు. 2016 అక్టోబరులో మిరాయ్ అనే వైరస్, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు మార్చని కెమెరాల్ని, రికార్డర్లని లక్షల్లో పట్టుకుని, ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి కాసేపు అందకుండా చేసింది. మన ఇంటి కెమెరాకు పెట్టిన 'అడ్మిన్ 12345' మనకే కాదు, ఊరందరికీ ప్రమాదం. 2025 ఏప్రిల్ 9 నుంచి మన దేశంలో సీసీ కెమెరాలకు కేంద్ర ఐటీ శాఖ భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది. ఆ ధ్రువీకరణ ఉన్న మోడలేనా అని షాపులో అడగండి. పాత స్టాకు చవగ్గా ఇస్తామంటే ఎందుకు చవకో ఆలోచించండి.

ఐదోది, గడియారం. ఇంటర్నెట్ నుంచి టైమ్ తనే సరిచేసుకునేలా సెట్ చేయించండి. కేసు కోర్టుదాకా వెళ్తే ఇలాంటి రికార్డింగుకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కూడా జతచేయాలి. నలభై నిమిషాలు తప్పు చూపించే రికార్డర్‌తో అక్కడ నిలబడటం కష్టం.

రెండు కొత్త కెమెరాలు, రికార్డర్, 1 టీబీ డిస్కు, మనిషి వస్తే వెలిగే లైటు, బిగించే కూలి అన్నీ కలిపి 17 వేల చిల్లర అయింది. షాపాయన ముందు చెప్పిన 8 మెగాపిక్సెల్ సెట్టు దీనికి రెట్టింపు.

ఎవరి ఫోన్లో ఉంది?

బిగించడానికి వచ్చిన తమ్ముడు మా కాలేజీ పిల్లల వయసువాడు. గేటు కెమెరాను ఏడడుగుల ఎత్తులో స్తంభానికి పెట్టి, చుట్టూ ఇనుప జాలి కట్టాడు. "అన్నా, మన దగ్గర దొంగలకన్నా కోతులెక్కువ" అన్నాడు. పాత వెనక కెమెరా నెలరోజులు ఆకాశాన్ని చూసింది కోతుల వల్లే.

పాత యాప్‌ను తీసేసే ముందు, లాగిన్ ఎవరెవరి దగ్గరుందో చూద్దామన్నాడు. బాపు, నేను, బావ, 2019లో బిగించినాయన, ఎవరో గుర్తుపట్టలేని ఇంకో ఫోన్. మొత్తం ఐదు. నేను వాటిని తీసేస్తుంటే ఆ పిల్లగాడు మామూలుగా అడిగాడు, "ఆంటీ ఫోన్లో లేదా?"

లేదు. అమ్మ ఫోన్‌లో యూట్యూబ్ ఉంది, వాట్సాప్ ఉంది. కెమెరా లేదు. ఆ ఇంట్లో ఉండే ఒకే ఒక్క మనిషికి తప్ప అందరికీ ఆ ఇల్లు కనిపిస్తోంది.

హాలు కెమెరా తీసేశాం. ఆ రోజు సాయంత్రమే బాపు ఫోన్. "హాల్ది వస్తలేదేందిరా?"

జరిగింది చెప్పా. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక ఎవరివో మాటలు, గిన్నెల చప్పుడు. ఒకే రూములో ఎనిమిది మంది ఉంటారు.

"నేను మీ అమ్మను చూస్తలేనురా," అన్నాడు చివరికి. "ఇల్లు చూస్కుంటున్న. ఫ్యాను తిరుగుతుంటే, గోడ మీద గడియారం కనవడుతుంటే ఇంట్ల ఉన్నట్టు అనిపిస్తది. గంతే."

నాకు ఏం చెప్పాలో తెలియలేదు. బాపుది అనుమానం కాదు, ఒంటరితనం. కానీ ఆ ఒంటరితనాన్ని మోయాల్సింది అమ్మ కాదు కదా. ముందు వాకిలిని చూసే కెమెరా ఉంది, దాన్లో మల్లె చెట్టు, గద్దె, అరుగు కనిపిస్తాయి, అది చూడమని చెప్పా. "సరే తియ్యి" అన్నాడు. గొంతులో సరే లేదు.

ఆ తర్వాత ఏమైందో వాళ్లిద్దరూ నాకు చెప్పలేదు. నాకు తెలిసింది ఇంతే. ఇప్పుడు అమ్మ మధ్యాహ్నం హాల్లో ఫ్యాను కిందే కూర్చుంటోంది. సాయంత్రం ఆరున్నరకు మాత్రం కొన్ని రోజులు చాట తీసుకుని గద్దె మీదికి వస్తుంది. అక్కడ అప్పుడు ఐదు గంటలు, బాపు పని నుంచి క్యాంపుకు బస్సులో వచ్చే టైమ్. కొన్ని రోజులు రాదు. రాని రోజు ఎందుకు రాలేదని బాపు ఫోన్ చేయడు.

యాప్ ఇప్పుడు నలుగురి ఫోన్లలో ఉంది. అమ్మ, బాపు, నేను, ఎదురింటి కాక. కాకకు గేటు కెమెరా ఒక్కటే కనిపిస్తుంది. రాత్రి పదకొండు దాటాక గేటు దగ్గర మనిషి కదిలితే లైటు వెలుగుతుంది, అమ్మ ఫోన్, కాక ఫోన్ మోగుతాయి. ఏం చేయాలో కూడా మాట్లాడి పెట్టుకున్నాం. అమ్మ తలుపు తీయొద్దు. కాక వాళ్లింటి లైట్లన్నీ వేసి, గట్టిగా కేకేయాలి. హైదరాబాద్‌లో ఉన్న నేను చూసి చేసేదేముంది? పోయిన తర్వాత రీప్లే చేసుకోవడమే కదా.

మొన్న రాత్రి పన్నెండు గంటలకు అమ్మ ఫోన్ చేసింది. గుండె గుభేల్‌మంది.

"ఏమైందమ్మా?"

"ఏం కాలే. ఫోన్ మోగిందని చూసిన. కోతి. జాలి పట్టుకొని కెమెరా దిక్కే చూస్తాంది, మనిషి తీర్గ. నీకు మోగలేదా?"

"నాది సైలెంట్‌లో ఉంది. చూడలేదు."

"మంచిది. పండుకో," అంది. "నేను చూస్తున్న తియ్యి."